నేను గీసిన నది

మొన్న ఆదివారం మా తమ్ముడి కోడలు ప్రగతి నగర్‌లోని మా ఇంటికి వచ్చి, గచ్చిబౌలి అవతల కొత్తగా కట్టబోతున్న అపార్ట్‌మెంట్ల తాలూకు నున్నటి రంగుల పుస్తకం ఒకటి నా ఒళ్ళో పెట్టింది. మీరు పుట్టిన ఊరు సరిగ్గా ఇక్కడే కదా, ఏ వైపు ఫ్లాటు తీసుకుంటే గాలి బాగా వస్తుందో చూసి చెప్పండి అని ఆమె కోరిక. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, నాలుగో పేజీలో టవర్ల పక్కనుంచి నీలంగా, వెడల్పుగా వంపు తిరిగి ఒక నది పారుతోంది. మా ఊళ్ళో నది ఏనాడూ లేదు. అమ్మకం కోసం ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని గీసేశారని తెలుస్తూనే ఉంది, ఇంకెవరైనా అయితే నవ్వి పక్కన పెట్టేవారే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ చోట లేని నదిని మొట్టమొదట గీసిన మనిషిని నేనే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను.

డెబ్బైల మొదట్లో ఆ ప్రాంతం ఎలా ఉండేదో మన ఈడు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. లింగంపల్లి స్టేషనులో దిగి ఎర్రమట్టి బాట పట్టుకుని నడిస్తే, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్ళు, వాటి మధ్య సీతాఫలం పొదలు, జొన్న చేలు, అరవై ఇళ్ళ మా ఊరు, ఊరికి ఎగువన ఒక చెరువు. ఆ చెరువుకు మా నాయన నీరటి, అంటే తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసి పారించడం ఆయన పని. చెరువు నిండితే అలుగు మీంచి దుమికిన నీళ్ళు ఒక వాగులో పడి దిగువకు పోయేవి. వానలు బాగుంటే ఆ వాగులో నాలుగు నెలలు నీళ్ళు, మిగతా ఎనిమిది నెలలు ఇసుక. మా ఊరి భూగోళమంతా ఇంతే, చరిత్ర అసలే లేదని మా పిల్లల గట్టి నమ్మకం.

మైలున్నర దూరంలోని హైస్కూలుకు మా ఊరి నుంచి వెళ్ళే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏడో తరగతి కాగానే మాన్పించాలని నాయన అనుకున్నాడు గానీ, మాకు సోషలు చెప్పే సారు ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, చీకటి పడేదాకా లేవకుండా మాట్లాడి ఆయన్ని ఒప్పించారు. సారు కృష్ణా నది ఒడ్డున ఒక పల్లెటూరి నుంచి వచ్చిన మనిషి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన వైపు పంతుళ్ళు చాలామంది బదిలీలు పెట్టించుకుని వెళ్ళిపోతే, ఈయన మాత్రం మా ఊళ్ళోనే కిరాయి గదిలో ఒంటరిగా ఉండిపోయారు. మా నాయన చివరికి ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఆ సారు ఉన్నన్ని దినాలు పోనియ్యి. ఆయన పోయిన్నాడు బడి బంద్."

కాబట్టి సారు ఆ బడిలో ఎన్నాళ్ళుంటే నా చదువు అన్నాళ్ళు. ఆయనకు తుమ్ము వచ్చినా నాకు భయం వేసేది.

సారుకు ఒకసారి మలేరియా వచ్చి సికింద్రాబాదు వైపు ఒక మిషన్ దవాఖానలో వారం రోజులు ఉండాల్సి వచ్చింది. అక్కడ సేవ చేసే ఫ్రెంచి సిస్టరు ఒకావిడ, తన తమ్ముడు కూడా బడిపంతులేనని, ఫ్రాన్సులో తమ సొంత ఊళ్ళో, నది ఒడ్డునే పాఠాలు చెబుతున్నాడని మాటల్లో చెప్పిందట. నది పేరెత్తితే చాలు మా సారు మనసు కరిగిపోతుంది. చిరునామా అడిగి తెచ్చుకుని, రెండు బళ్ళ పిల్లలూ తమ తమ ఊళ్ళ చరిత్ర, భూగోళం రాసి ఒకరికొకరు పంపుకుందామని ఉత్తరం రాశారు. మా హెడ్మాస్టరును మేము పెద్దసారు అనేవాళ్ళం, ఆయనదీ సారు వైపే, అయినా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. విదేశాలకు ఉత్తరాలేమిటి, రేపు ఏదైనా పేచీ వస్తే నేను పైకి రాసేస్తాను, తరవాత నన్ననొద్దు అని పెద్దసారు అందరి ముందూ హెచ్చరించారు.

నెలలు గడిచాక అటునుంచి లావుపాటి కవరు వచ్చింది. పిల్లలు రాసిన దాన్ని ఆ ఫ్రెంచి మాస్టారు తనకు వచ్చిన ఇంగ్లీషులో పెట్టి పంపితే, మా సారు దాన్ని తెలుగు చేసి నాలుగు రోజులు చెప్పారు. ఆ ఊరి పేరు పలకడం మాలో ఒక్కరికీ చేతకాలేదు గానీ, ఊరు మాత్రం కళ్ళకు కట్టింది. నది వంపు తిరిగిన చోట లోపలి ఒడ్డున ఆ ఊరుందట. వెనక తెల్లటి సుద్దమట్టి కొండ, కొండవాలున ద్రాక్షతోటలు, నది పొడుగునా వరసగా సన్నటి ఎత్తైన చెట్లు. చలికాలంలో నదిలోంచి పొగమంచు లేచి ఊరిని కప్పేస్తే, పడవల వాళ్ళకు ఒడ్డు తెలియడానికి చర్చి గంట కొట్టేవారట. ఎప్పుడో సన్యాసులు వచ్చి నీటితో తిరిగే పిండిమర కట్టారు, ద్రాక్షసారా పీపాలు నింపిన పడవలను గుర్రాలు ఒడ్డు మీద నడుస్తూ తాళ్ళతో లాగేవి, నది మీద ఏడు కమానుల రాతి వంతెన. వంతెన పక్కనే ఊరి ఆడవాళ్ళు బట్టలుతుక్కునే రాతి చావడి ఉందట. ఏ ఏటి వరద ఎంత ఎత్తు వచ్చిందో ఆ చావడి గోడ మీద గీత చెక్కి, పక్కన ఆ ఏడు రాస్తారట. అన్నిటికంటే పై గీత పొడుగాటి మనిషికి కూడా తల మీదకు ఉంటుందనీ, ఆ ఊరి పిల్లలు చరిత్ర నేర్చుకోవాలంటే పుస్తకం తెరవక్కర్లేదు, గోడకు ఆనుకుని నిలబడితే చాలుననీ రాశారు. రెండు యుద్ధాల్లో పోయిన కుర్రాళ్ళ పేర్లు ఒక రాయి మీద ఉన్నాయని, అవన్నీ రాస్తే, అంత చిన్న ఊరికి అన్ని పేర్లా అని మా తరగతంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. చివర్లో రంగులు వేసిన పటం. అందులో నది ఎంత నీలంగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు మన ఊరి గురించి మీరు చెప్పండి అని సారు అడిగారు. ఏముందని చెప్పాలి, బండలున్నాయని చెప్పాలా? సారు మమ్మల్ని వెంటేసుకుని, తానుండే మా ఊళ్ళోనే ఇల్లిల్లూ తిరిగారు. చెరువు కట్ట ఎన్నిసార్లు తెగిందో, ఎవరెవరు అడ్డం పడుకుని ఆపారో, కరువు వచ్చిన ఏడాది ఏ గడ్డలు తవ్వుకు తిన్నారో ముసలివాళ్ళు చెబుతుంటే నోటు పుస్తకంలో రాసుకున్నారు. దాన్ని ఇంగ్లీషులో చక్కటి ఉత్తరంగా కూర్చారు. మా అందరిలో దస్తూరీ బాగుండేది నాది కనుక శుభ్రంగా ఎత్తి రాసే పని, పటం గీసే పని నాకు అప్పగించారు. ఉత్తరం సరిచూశారు. పటం పూర్తయ్యేలోపు ఆయనకు మళ్ళీ జ్వరం తగిలింది. పటం లోపల పెట్టి, కవరు అంటించి పోస్టులో వెయ్యమ్మా అని దుప్పటి కప్పుకుని వణుకుతూ చెప్పారు.

మొదట నిజమైన పటమే గీశాను. చెరువు చింతాకంత వచ్చింది, వాగు వెంట్రుకంత. పక్కన వాళ్ళ పటం పెట్టుకుని చూసుకుంటే కడుపు మండిపోయింది. వాళ్ళకు అంత ఉండి మనకు ఇంతేనా అని రోషమో, చూసి నవ్వుతారేమో అని సిగ్గో, ఇవాళ్టికీ విడదీసి చెప్పలేను. నీలి సిరాలో కాసిన్ని నీళ్ళు కలిపి, అగ్గిపుల్లకు దూది చుట్టి, వాగు గీతకు అటో వేలెడు, ఇటో వేలెడు రంగు పూశాను. అది ఆరాక రెండు పడవలు వేశాను. పడవలున్నాక వంతెన లేకపోతే ఏం బాగుంటుందని వంతెన కూడా కట్టాను, దానికీ ఏడు కమానులే. కవరు అంటించి పోస్టు డబ్బాలో వేసి వస్తుంటే భయం లేకపోగా గర్వంగా కూడా ఉంది, ఎంత బుద్ధి తక్కువదాన్నో చూడండి.

జవాబు మార్చిలో వచ్చింది. సారు తరగతిలో చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి నవ్వారు. మీకూ మాలాగే నది ఉన్నందుకు మా పిల్లలు సంబరపడుతున్నారని రాశారట. పాపం, మన చెరువును నది అనుకున్నట్టున్నారు అన్నారు సారు. నేను తల పుస్తకంలోకి దించేశాను. ఆయన ఇంకా చదువుతున్నారు. అక్కను చూసి ఇరవై ఏళ్ళయిందని, ఏప్రిల్‌లో తమ ఈస్టరు సెలవుల్లో చూడటానికి వస్తున్నానని, అప్పుడు మా ఊరికి కూడా వస్తానని ఆ మాస్టారు రాశారు. తమ పిల్లలు తమ నది నీళ్ళు ఒక సీసాలో పట్టి ఇస్తున్నారట, వాటిని మా నదిలో పోసి, మా నది నీళ్ళు అదే సీసాలో పట్టుకుపోతారట. మీరు పంపిన అందమైన పటం దగ్గరే పెట్టుకుని వస్తాను, దారి తప్పే భయం లేదు అని చివరి వాక్యం.

ఆ తరవాత మూడు వారాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. తెల్లదొర వస్తున్నాడనగానే పెద్దసారు గొంతే మారిపోయింది. ఉత్తరాల ఆలోచన మొదటినుంచీ తనదే అన్నట్టు పైఆఫీసరును పిలిచారు, బడికి సున్నం వేయించారు. ఊళ్ళో బాటలు ఊడ్చారు. అందరూ సంతోషంగా ఉంటే నేనొక్కదాన్నే తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆఫీసరు ముందు ఆ పటం విప్పితే పేచీ వచ్చినట్టే, పేచీ వస్తే పెద్దసారు పైకి రాసినట్టే, సారు పోతే నా బడి బంద్. ఈ లెక్క రోజుకు పదిసార్లు వేసుకునేదాన్ని, ఎన్నిసార్లు వేసినా జవాబు అదే వచ్చేది. సారుతో చెప్పేద్దామని మూడుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. ఒకసారి ఎవరో ఉన్నారు, ఒకసారి ఆయన నన్ను చూసి, ఏమ్మా, అతిథికి నువ్వే దండ వెయ్యాలి అని నవ్వారు, మూడోసారి వాకిట్లో నిలబడి ఊరికే తిరిగి వచ్చేశాను. ఏప్రిల్ ఎండల్లో వాన కురవాలని, వాగు పొంగాలని మొక్కుకున్నాను. ఆ మాస్టారు దారిలో పటం పారేసుకోవాలని కూడా మొక్కుకున్నాను. దేవుడు మొదటిదాన్ని పట్టించుకోడని తెలుసు, రెండో దాని మీదే ఆశ.

ఆయన వచ్చారు. దొర అంటే ఎలా ఉంటాడో అనుకున్నాం, సన్నగా, కాస్త వంగి, ఎర్రగా కందిపోయిన మెడతో అచ్చం ఏ ఊరి పంతులైనా ఉన్నట్టే ఉన్నారు. మా ఊరి రచ్చ దగ్గర గుడ్డ పందిరి వేశారు. ఆఫీసరు, పెద్దసారు కుర్చీల్లో, పిల్లలం కింద, ఊరి జనం చుట్టూ, నాయన వెనకెక్కడో పార ఆన్చుకుని నిలబడ్డాడు. దండ వేసేటప్పుడు ఆయన ముఖం చూడకుండా సంచి వైపే చూస్తుంటే అందరూ బిడియమనుకున్నారు. మాస్టారు సంచిలోంచి ఉన్ని మేజోడులో చుట్టిన సీసా తీసి పైకెత్తి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. సారు దాన్ని తెలుగులో, ఇవి వాళ్ళ నది నీళ్ళు, సముద్రాలు దాటి వచ్చాయి అన్నారు.

ఆ మాట వినగానే మా నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. కాశీకి పోయినవాళ్ళు సీలు వేసిన చెంబులో గంగ తెస్తే ఊరంతా చేయి చాపి తీర్థం పుచ్చుకునే రోజులు కదా అవి, ఎంత దూరం నుంచి నీళ్ళు వస్తే అంత పుణ్యం. నాయనమ్మ కొంగు తల మీదకు లాక్కుని కుడి అరచేయి గుంటగా చేసి ఆయన ముందు పట్టింది.

"గంగమ్మ ఏ దేశంల పుట్టినా గంగమ్మనే. జర నా చేతిల పొయ్యి బిడ్డా."

ఆయనకు అర్థం కాలేదు. సారు చెప్పాక, తాగకూడదు, తాగే నీళ్ళు కావు అని కంగారుగా చేతులు ఊపారు. సరే తాగం, తల మీద చల్లుకుంటాం అని సారు సర్దుబాటు చేశారు. వెనక వరస కట్టేశారు. ముసలివాళ్ళు, చంకలో పిల్లల్ని వేసుకున్న తల్లులు, చివరికి ఆఫీసరు గారి జవాను కూడా. ఫ్రెంచి మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ ఒక్కొక్క చుక్కా పోశారు. సీసా ఖాళీ అయిపోయింది. నదిలో పోయడానికి చుక్క కూడా మిగల్లేదు కాబట్టి ఇక నది దగ్గరకు వెళ్ళే పనే లేదు, గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు ఆయన ఖాళీ సీసా పట్టుకుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పారు. ఇది నింపుకోవాలి, నది ఎటువైపు అని అడిగారు. ఆఫీసరు కాగితం అందుకుని చూసి, ఎక్కడుందయ్యా ఈ నది, ఈ వంతెన అని పెద్దసారును అడిగారు. పెద్దసారు ముఖం మాడిపోయింది. విదేశాలకు దొంగ పటాలు పంపిస్తున్నారా మాస్టారూ అని సారు మీదకు తిరిగారు. సారు పటం తీసుకుని చూశారు. ఆ దస్తూరీ ఎవరిదో ఆయనకు తెలియనిది కాదు, కానీ నా వైపు కళ్ళెత్తలేదు. నేను తలొంచుకుని కూర్చుంటే ఆయన నా పేరు బయటికి రానివ్వరని అర్థమైంది. అదే నన్ను కూర్చోనివ్వలేదు. లేచి నిలబడ్డాను.

"నేనే గీసిన సారు. మా సారుకు ఎర్కలేదు. మనకు నది లేదని సిగ్గయ్యింది."

సారు నన్ను వెనకేసుకు రాలేదు, కోప్పడనూ లేదు. ఆఫీసరు వైపు తిరిగి, "పిల్ల చెప్పింది నిజమేనండి. కానీ చూడకుండా పంపించింది నేను. ఆ తప్పు నాదండి" అన్నారు. తరవాత ఆ మాటలన్నీ ఇంగ్లీషులో అతిథికి ఉన్నదున్నట్టు చెప్పారు. తన మర్యాద పోయే మాటను తనే రెండు భాషల్లో చెప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ మాస్టారు ఏదో అనబోయేంతలో మా నాయన ముందుకు వచ్చి, నీళ్ళే కదా కావలసింది, రమ్మనండి అని సీసా అందుకుని నడిచాడు. పటంలో నేను రంగు పూసిన దారి వెంటే అందరం నడిచాం, కాలు పెడితే బొబ్బలెక్కే ఇసుక. ఒక వంపు దగ్గర నాయన ఆగి, కాలితో తట్టి చూసి, పారతో మోకాలి లోతు తవ్వాడు. అలా తవ్విన గుంటను మా వైపు చెలిమె అంటాం. తడి ఇసుక వచ్చింది, తరవాత అడుగున బురద నీరు ఊరింది, అది తోడి పారబోస్తే కాసేపటికి తేటగా, చల్లగా నీళ్ళు నిండాయి. మాస్టారు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని సీసా తానే ముంచుకున్నారు. లేచాక నా పక్కకు వచ్చి చెప్పిన మాట సారు నాకు తెలుగు చేశారు. వాళ్ళ ఊరి వంతెనకు ఇప్పుడు మూడే కమానులట. మిగతావి యుద్ధంలో పేల్చేశారట. అయినా పిల్లలు ఎప్పుడు గీసినా ఏడే గీస్తారట, తాతలు చెప్పిన ప్రకారం, తానూ దిద్దలేదట.

పరాయి దేశపు మాస్టారు అలా తేలిగ్గా క్షమించేశారు గానీ మనవాళ్ళ దగ్గర కాగితాలు నడిచాయి. పెద్దసారు అన్నట్టే పైకి రాశారు. జూన్‌లో బడి తెరిచేసరికి సారుకు బదిలీ. ఉత్తరాన అడవుల్లో, గోదావరి దాపున ఏదో ఊరట. బండిలో ట్రంకుపెట్టె ఎక్కిస్తుంటే నేను తడిక చాటున నిలబడ్డాను గానీ ఎదుటికి వెళ్ళలేకపోయాను. ఆయన రెండుసార్లు మా ఇంటి వైపు చూశారు. మరునాడు నాయన బడి బంద్ అంటాడని పుస్తకాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టేశాను. పొద్దున్నే ఆయనే ఆ కట్ట దించి నా చేతికిచ్చాడు.

"అందరి ముందట నిలబడి చెప్పినవ్ గదా. ఇగ నడువు."

బడి దాకా తానే వచ్చి దిగబెట్టాడు. తప్పు చేసిన నాకు చదువు మిగిలింది, దానికోసం మా గడప ఎక్కి బతిమాలిన మనిషికి అడవి మిగిలింది.

ఆ చదువుతోనే డెబ్బై ఎనిమిది ప్రాంతాల నగరంలో పటాలు తయారుచేసే ఒక ఆఫీసులో ట్రేసరుగా చేరాను. పల్చటి ట్రేసింగు గుడ్డ పరిచి, కింది పటంలోని గీతలను పైన సిరాతో ఎత్తడం పని. ఒక మధ్యాహ్నం నా బల్ల మీదకు ఉత్తరాది అడవుల షీటు వచ్చింది. వెతగ్గా వెతగ్గా సారును పంపిన ఊరు కనిపించింది. ఆవగింజంత చుక్క. దానికి రోడ్డు గీత లేదు, రైలు గీత లేదు. చుట్టూ మూడు వైపులా నది, వానాకాలం నాలుగు నెలలు దాటే వీలుండదని పక్క బల్ల ఆయన చెప్పాడు. మలేరియా మనిషిని నేను పంపించిన చోటు అది. ఆ నదిని ఎత్తాల్సింది కూడా నేనే. కలం సిరాలో ముంచి ఎంతసేపు కూర్చున్నానో, సూపర్వైజరు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందని చెప్పి గీశాను, గీత ఎక్కడా చెదరలేదు. ఆ రాత్రి ఆ ఊరి బడికి ఉత్తరం రాస్తే రెండు నెలలకు ఎవరో కొత్త పంతులు జవాబు రాశాడు. ఆ సారు జ్వరాలతో రెండేళ్ళు కూడా ఉండలేక ఉద్యోగం వదిలి సొంతూరు వెళ్ళిపోయారట, చిరునామా ఇక్కడ ఎవరి దగ్గరా లేదట.

ఇప్పుడు ఏ ఊరైనా, ఏ సందైనా ఫోనులో వేలితో జరిపి చూసుకోవచ్చు, ఎవరు గీశారో ఎవరికీ తెలియదు, తప్పుంటే ఎవరినీ బదిలీ చేయరు. మా నాయన తవ్విన చోట ఆరు వరసల రోడ్డు, దాని కింద సిమెంటు గొట్టంలో ఆ వాగు ఉందో లేదో, మూత తీసి చూసినవాళ్ళు లేరు. నా చేతి మీదుగా ఎన్నో నదులు పటాల్లోకి ఎక్కాయి, అన్నీ ఉన్నవే. కృష్ణా తీరం షీటు వచ్చినప్పుడల్లా ఒడ్డు వెంట చుక్కలన్నీ ఒక్కొక్కటిగా చదివేదాన్ని. సారు సొంత ఊరి పేరు మాత్రం మేము ఎన్నడూ అడగలేదు.